ఓర్లన్ చేతి తూటాలు

"మాట్లాడకండి," అన్నాడు ఓర్లన్, ఎవరూ మాట్లాడకపోయినా.

నేలమాళిగలో, బట్టలుతికే మిషన్ పక్కనున్న బల్ల మీద తుపాకి మందు తూకం జరుగుతోంది. ఆ సమయంలో రేడియో మోగకూడదు, మెట్ల మీద అడుగు పడకూడదు, అతని భార్య మావిస్‌కి తుమ్ము రాకూడదు. నలభై రెండేళ్ల కాపురంలో ఆవిడ అక్కడ మింగేసిన తుమ్ములకు అంతే లేదు.

తుపాకీ ఓర్లన్ తాతది. దానికి సరిపోయే తూటాలు చేయడం కంపెనీవాళ్లు ఎప్పుడో మానేశారు. అందుకని ప్రతి ఏడూ వేట సీజన్ ముందు ఓర్లన్ పాత ఇత్తడి గొట్టాలు తోమి, అడుగున నిప్పు రాజేసే కొత్త బిళ్ల బిగించి, మందు పోసి, పైన సీసపు గుండు నొక్కి తన తూటాలు తనే చేసుకుంటాడు. ఆవకాయ పెట్టే ఇల్లాలికి కూడా అంత మడి ఉండదు.

ఈ ఏడాది గొట్టాలు చాలామటుకు పగుళ్లిచ్చాయి. మూడే మిగిలాయి.

మందు పోశాక మావిస్ టార్చిలైటుతో ఒక్కో గొట్టంలోకీ తొంగి చూడాలి. అది ఆ ఇంటి పద్ధతి.

"ఉంది. ఉంది. ఉంది," అందామె.

"సరిగ్గా చూశావా?"

"పెళ్లిలో నీ మొహం కూడా ఇంతసేపు చూళ్లేదు."

మెట్ల మీద పకపకా నవ్వు. మావిస్ తమ్ముడు డెల్మర్ దిగొచ్చాడు. వాడిది కొత్త తుపాకీ, కొట్లో కొన్న తూటాలు.

"ఇవి తూటాలా బావా, నగలా? వీటితో జింక కాదు కదా, గోడౌను గోడ కూడా తగలదు."

"తగిలితే?"

"ఒక్కటి తగిలినా చాలు, వచ్చే ఏడంతా ఈ బల్ల దగ్గర కూర్చుని నీ ఇత్తడి తోముతా. మూడూ తప్పితే మాత్రం తాతగారి తుపాకీ మా ఇంట్లో చలిమంట గూడు పైన గోడకెక్కుతుంది. అలంకారానికి."

ఓర్లన్ మొహం ఎర్రబడింది. తాత తుపాకీ గోడకా! "సరే!" అనేశాడు. మావిస్ సాక్షి. ఇద్దరి వయసులూ కలిపితే నూట ముప్ఫై దాటుతాయి, బుద్ధి మాత్రం ఎనిమిదేళ్ల దగ్గరే ఆగిందని ఆవిడ పైకే అంది.

సీజన్ మొదటి రోజు పొద్దున్నే మోకాళ్ల లోతు మంచు. నారింజరంగు కోట్లు తొడుక్కుని ఇద్దరూ ట్రక్కులో బయల్దేరారు. అడవిలోకి మైలు దూరం నడవాలి. ఓర్లన్ మోకాలు నడవనంది. "కాస్త ముందుకి పోయి చూద్దాం" అంటూ కంకర రోడ్డు మీద పోనిస్తుంటే, మలుపు తిరగ్గానే కనపడింది.

మగజింక. దేవదారు మొక్కల ముందు నిలబడి ఉంది. కొమ్ములకి పది చీలికలు. ఎనభై గజాలు కూడా లేదు.

"అమ్మో," అన్నాడు డెల్మర్. నోట్లో డోనట్ ఉండగా.

ఓర్లన్ కిటికీ అద్దం దించి, అంచు మీద తుపాకీ ఆనించి, ఊపిరి బిగబట్టాడు.

ఢాం!

జింక తల తిప్పి అతని వైపు చూసింది.

ఢాం!

తోక ఆడించింది.

ఢాం!

తల మళ్లీ అటు తిప్పుకుంది.

డెల్మర్ ట్రక్కులో గంతులేశాడు. డోనట్ పంచదార కోటు నిండా చిందింది. "ఏ మేకు కొట్టను బావా? రాగిదా, ఇనపదా?" ఓర్లన్‌కి ఏడుపొక్కటే తక్కువ. మందు తూచింది తనే, మూడుసార్లు తూచాడు. ఎక్కడ పోయింది తేడా? తాత తుపాకీని పసిపిల్లని ఒళ్లో పెట్టుకున్నట్టు పెట్టుకున్నాడు.

అంతలో చెట్ల వెనకనుంచి ఆకుపచ్చ యూనిఫారం మంచులో పడుతూ లేస్తూ వచ్చింది. అటవీ శాఖ జోలీన్. ఆదివారాలు చర్చిలో మావిస్ పక్కన నిలబడి పాడే పిల్ల.

"రోడ్డు మీంచి, అదీ బండిలోంచి! మూడుసార్లు! నువ్వేనా బాబాయ్?"

"తప్పే తల్లీ. మోకాలు సహకరించలేదు. జరిమానా రాసెయ్," అన్నాడు ఓర్లన్, తల దించుకుని.

"రాసేదేదో పూర్తిగా రాయమ్మా," అన్నాడు డెల్మర్ ఉత్సాహంగా. "మూడు కాల్చాడు, మూడూ గాల్లోకి పోయాయి. నేనే సాక్షి. తేదీ వేసి సంతకం పెట్టు, ఫ్రేము కట్టించుకుంటా."

"చూడకుండా ఎలా రాస్తాను?"

జోలీన్ జింక వైపు నడిచింది. ఇరవై అడుగుల దూరం. పది. జింక కదల్లేదు.

"అది పారిపోదేంట్రా?" అన్నాడు ఓర్లన్ గుసగుసగా.

"నీ గురి చూశాక దానికి భయం పోయింది బావా."

జోలీన్ తిన్నగా వెళ్లి, జింక తల ఊడబీకి చంకలో పెట్టుకుని, లోపలి తీగలన్నీ తడిమి చూసి, "మూడు గుండ్లూ ఒకే కన్నంలో దించావు కదా బాబాయ్, రోడ్డు మీంచి కాల్చేవాళ్లని పట్టడానికి పెట్టిన మా బొమ్మ మోటారు బతికిపోయింది!" అని కేకేసింది.