సెల్ఫ్ తీసుకోని కారు

"ఇదే ఆఖరుసారి. ఇప్పుడూ స్టార్ట్ కాకపోతే తుక్కు వ్యాపారికి ఇచ్చేస్తున్నాం. అత్తయ్యని టాక్సీలో తీసుకెళ్దాం" అంది భార్య, రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని.

లెక్కల మాస్టారు తాళం తిప్పాడు. డ్యాష్‌బోర్డు మీద ఎర్రలైటు వెలిగింది. అంతకుమించి కారుకి ఉలుకూ లేదు, పలుకూ లేదు. గేటు బయట తుక్కు వ్యాపారి లాక్కెళ్ళే గొలుసు భుజాన వేసుకుని, పెళ్ళికూతుర్ని చూసినట్టు కారుని చూస్తున్నాడు.

వెనక సీట్లోంచి, ఓ బుగ్గ బూరెలా వాచిపోయిన మాస్టారి తల్లి, "పోనీలేరా నాన్నా, నా పన్నునొప్పి తగ్గిపోయింది. డాక్టరూ గీక్టరూ ఏమీ వద్దు" అంది.

మాస్టారికి ఆ మాటలు చెవికెక్కలేదు. ఈ కారు మొండికేయడం ఆయనకి కొత్త కాదు. నిజం చెప్పాలంటే సగంసార్లు దానిచేత మొండికేయించేది ఆయనే. యాష్‌ట్రే కింద ఎవరికీ కనబడని చిన్న స్విచ్ ఒకటుంది. బావమరిది "బావా, ఒక్కపూట కారిస్తావా?" అంటూ గుమ్మంలోకి రాగానే దాన్ని ఆపేస్తే చాలు. పాపం, ఆ అబ్బాయి కాసేపు తాళం తిప్పి, నిట్టూర్చి, బస్సెక్కేస్తాడు. ఇవాళ మాత్రం స్విచ్ ఆన్‌లోనే ఉంది. అయినా బండి లేవట్లేదు. పోయినవారం తన సొంత చెల్లెలు కారడిగినప్పుడూ ఇంతే జరిగింది. చెల్లెలంటే ప్రాణం కాబట్టి స్విచ్ ఆన్ చేసి మరీ తాళం చేతికిచ్చాడు. కదలలేదు. ఆ పిల్ల అలా వీధి మలుపు తిరిగిందో లేదో, దానంతటదే బాగైపోయింది.

అంటే కారుకి ఈసారి నిజంగానే జబ్బు చేసిందన్నమాట. అది లేని ఇంటిముందు జాగాని ఊహించుకుంటేనే మాస్టారికి ఏడుపొచ్చింది.

అందుకే ఆ స్విచ్ పెట్టిన ఎలక్ట్రీషియన్‌కే కబురు పెట్టాడు. వీధిలో అందరూ అతన్ని తాళంకప్ప అంటారు. ఒకరి కారులో కనబడింది ఇంకొకరి దగ్గర నోరు జారడు.

తాళంకప్ప వచ్చాడు. బానెట్ ఎత్తాడు, బ్యాటరీ టెర్మినళ్ళు గీకాడు. "హారన్ కొట్టండి మాస్టారూ" అన్నాడు. ఆ మోతకి తుక్కు వ్యాపారి గొలుసు జారి కాలిమీద పడింది. హెడ్‌లైట్లు పట్టపగలే ధగధగలాడాయి. తాళంకప్ప టెస్ట్ ల్యాంపు పుచ్చుకుని అక్కడో వైరూ ఇక్కడో వైరూ పొడిచి చూశాడు.

"కరెంటుంది. సెల్ఫ్ దాకా చేరట్లేదు. దార్లో ఎక్కడో ఆగిపోతోంది."

"ఎక్కడ?" అంది భార్య.

తాళంకప్ప మాస్టారి వంక చూశాడు. మాస్టారు వద్దన్నట్టు కళ్ళతోనే సైగ చేశాడు. తాళంకప్ప ఆవిడ వంకా చూశాడు. వెనక సీటు వంకా చూశాడు.

"అందరూ దిగండి. ఒక్కొక్కరే లోపల కూర్చుని, తలుపులేసుకుని, కాసేపుండి బయటికి రావాలి. మిగతావాళ్ళు గోడవైపు తిరగండి. నేనూ తిరుగుతాను."

"ఇదేం టెస్టయ్యా!"

"పాత బండి కదమ్మా. వైరింగుకి మొహమాటం ఎక్కువ. నలుగురి ముందు బయటపడదు."

ముందు మాస్టారు ఎక్కాడు. యాష్‌ట్రే కింద వేలుపెట్టి తడిమాడు. స్విచ్ ఆన్‌లోనే ఉంది. తన తప్పేం లేదన్న ధీమాతో ఛాతీ విరుచుకుని దిగాడు. తాళం తిప్పి చూశారు. ఏమీ లేదు.

"నాకేం పని ఇందులో" అని గొణుగుతూనే భార్య ఎక్కింది. ఎక్కినంతసేపు పట్టలేదు దిగడానికి, చేతులు దులుపుకుంటూ వచ్చేసింది. తాళం తిప్పారు. ఊహూఁ. తుక్కు వ్యాపారి గొలుసు తీసుకుని బంపర్ దగ్గరికొచ్చి వంగాడు.

"నేనెందుకురా! నాకు నడపడమే రాదు" అంది తల్లి.

"పెద్దమ్మగారూ, బండి లేకపోతే టాక్సీ ఉందంటున్నారు కదా. డాక్టరు ఎలాగూ తప్పడు, పోయేది బండే" అన్నాడు తాళంకప్ప గోడతో మాట్లాడుతున్నట్టు.

ఆవిడ వాచిన బుగ్గ ఓసారి తడుముకుంది. తర్వాత విసవిసా వెళ్ళి కార్లో కూర్చుని తలుపు ధడాల్న వేసుకుంది. లోపల్నుంచి సీటు కిర్రుమన్న చప్పుడు, ఆవిడ ఎవర్నో తిట్టుకుంటున్న చప్పుడు వినిపించాయి.

"అబ్బే, లోపలేం లేదు" అంటూ దిగింది.

మాస్టారు కళ్ళు మూసుకుని తాళం తిప్పాడు. ఇంజను ఒక్కసారిగా గర్జించింది. ఆయనకి ప్రాణం లేచొచ్చింది. స్టీరింగుని ముద్దుపెట్టుకున్నాడు. భార్య తుక్కు వ్యాపారిని "బేరం లేదు, వెళ్ళవయ్యా" అని అదిలించింది. తల్లి మాత్రం ముఖం గంటుపెట్టుకుని వెనక సీట్లో కూలబడింది.

ఇంజను అలా నడుస్తుండగానే మాస్టారు దిగి, తాళంకప్పని గేటు పక్కకి లాగాడు.

"నా స్విచ్ మొదట్నుంచీ ఆన్‌లోనే ఉంది కదయ్యా! మరి ఫాల్టెక్కడ?"

"మాస్టారూ, మీ స్విచ్ సంగతి మీ ఇంట్లో ఎవరికైనా చెప్పానా?"

"ప్రాణం పోయినా చెప్పవు. అందుకేగా నిన్ను పిలిచింది."

తాళంకప్ప టెస్ట్ ల్యాంపు వైరు చుట్టి జేబులో పెట్టుకున్నాడు.

"మరి వాళ్ళిద్దరి స్విచ్చుల సంగతి మీకెలా చెప్తాను?"