తీతువు విరిగిన రెక్క

వాగు ఒడ్డున గులకరాళ్ళ మధ్య ఒక తీతువు పిట్ట ఏటా గుడ్లు పెట్టేది. వాటికోసం ముంగిస వచ్చినప్పుడల్లా, రెక్క విరిగినట్టు ఈడ్చుకుంటూ, "ఎగరలేను బావా" అని ఏడుస్తూ ఎదురుగా కుంటేది. నోటికందే పిట్టను వదిలి గుడ్లెవరు వెతుకుతారు? ముంగిస వెంటపడేది. మూడు చేలు దాటించాక పిట్ట రివ్వున ఎగిరిపోయేది.

మూడేళ్ళు మోసపోయాక ముంగిసకు కిటుకు తెలిసింది. పిట్ట కుంటుతూ ఎటు పోతే, గుడ్లు దానికి ఎదురు దిక్కున ఉంటాయి.

ఆ ఏడు వడగళ్ళ వాన పడిన మర్నాడు తీతువు మళ్ళీ కుంటుతూ కనబడింది. ఏడవలేదు, పిలవలేదు. మెల్లగా గడ్డిలోకి దూరబోతోంది.

"ఏడుపు మానేశావేం మరదలా?" అంది ముంగిస.

"ఓపిక లేదు బావా. ఈసారి రెక్క నిజంగానే విరిగింది."

"ఇంకొకరికి చెప్పు," అని నవ్వి, ముంగిస దానికి వీపు తిప్పి ఎదురు దిక్కుకు నడిచింది.

పొద్దు వాలేదాకా ఒక్కో రాయినీ మూతితో దొర్లించి చూసింది.

ఆ ఏడు తీతువు ఇంకా గుడ్లే పెట్టలేదు.