పన్నెండో సూది

మా వీధి కిరాణా కొట్టు పక్కన సూదుల వైద్యం మిషను పెట్టి మూడేళ్లయింది. పాలప్యాకెట్‌కి వెళ్లినవాళ్లు నడుంనొప్పి కూడా తగ్గించుకుని వస్తున్నారు. నాకే భయం. ముప్పై ఏళ్లుగా మగ్గం వర్కు చేస్తున్నదాన్ని, సూది పోటు నాకు తెలియదూ! కానీ ఏడాదిగా కుడిచెయ్యి భుజం దాటి లేవట్లేదు. జడ కూడా కోడలు సుగుణే వేస్తోంది. చివరికి తనే నన్ను లాక్కెళ్లింది.

మిషను నాడి చూడ్డానికి నా ఎడమచెయ్యి పట్టుకుంది. "మస్తానమ్మగారూ, మెల్లగా ఊపిరి వదలండి" అంది. వెంట్రుకంత సూదులు. చీమ పాకినట్టుంది, అంతే.

అరగంటకి సూదులు తీసేసింది. మగ్గం దగ్గర సూదులు లెక్కచూసుకోకుండా మేం లేవం. "పన్నెండు గుచ్చి పదకొండే తీశావేం?" అని గద్దించాను.

"ఇంకోటి మీ నడినెత్తిన ఉంది. మీరే తీసుకోండి."

"చాల్లే, నీ పని కూడా నేనే చెయ్యాలా!" అని తిడుతూనే చటుక్కున పీకేశాను.

సుగుణ నోరు తెరుచుకుని చూస్తోంది. "అత్తయ్యా, ఏ చేత్తో తీశారు?"

మిషను అప్పుడు గానీ నా ఎడమచెయ్యి వదల్లేదు.