తలదెబ్బ కేసు

పలకల గనిలో రాయి పడి ఏడాదైంది. అప్పటి నుంచి పుల్లమ్మ మొగుడు మునుపటి మనిషి కాడు.

అడిగిందే అడుగుతాడు. "తిన్నావా" అని పొద్దున్నుంచి నాలుగుసార్లు. పుల్లమ్మ బావికి పోతే వెంటే వస్తాడు. ఆడదాన్ని పొయ్యి దగ్గరికి రానివ్వకుండా తనే కూర్చుని సంకటి కెలుకుతాడు. మగవాడు చెయ్యాల్సిన పనేనా అది?

"మన పెద్దపిల్లను ఏ ఊరికిచ్చినాం?" అన్నాడు ఆ పూట కూడా.

"అదీ మరిచిపోయినావా?" అంది పుల్లమ్మ.

మొదట్లో ఇరుగుపొరుగు జాలిపడితే ఆమెకు తల కొట్టేసినట్టుండేది. ఇప్పుడు అదీ లేదు. ఏడుపు రాదు, కోపం రాదు. పిలిస్తే లేస్తుంది, పెడితే తింటుంది, అంతే.

ఆ రోజే విచారణ. మద్రాసు నుంచి ఆఫీసరు వచ్చి మార్కాపురం బంగళాలో దిగాడు. మతి పోయిందని ఆయన నమ్మితే పరిహారం వస్తుంది. నమ్మకపోతే ఇద్దరికీ పస్తులే. ఒకరికి మతి లేదు, ఇంకొకరు వదిలిపెట్టి కూలికి పోలేరు.

దారి పొడుగునా మొగుడు ఆమె చెయ్యి వదల్లేదు. బజారులో జనం చూసి నవ్వారు.

"ఇడువయ్యా. నేను యాడికి పోతా?"

"యాడికీ పోకూడదనే పట్టుకున్నా."

బంగళా వరండాలో గని యజమాని తరఫు వకీలు లేచాడు. "అంతా నాటకమండీ. తిండికి లోటు లేదు, నడకకు లోటు లేదు, మాటకు లోటు లేదు. ఇంక మతి పోయిందేమిటి?"

మొగుడు చేతులు జోడించి ఏదో చెప్పబోయాడు.

"నువ్వుండు" అని ఆఫీసరు పుల్లమ్మ వైపు తిరిగాడు. "అమ్మా, నీ మొగుడి పేరేమిటి?"

పుల్లమ్మ నోరు తెరిచింది. పేరు పైకి రాలేదు. పక్కనున్న మనిషి ముఖంలోకి ఒకసారి చూసింది. తల వంచుకుని, పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

గుమాస్తా నవ్వాడు. "మొగుడి పేరు ఈ వైపు ఆడవాళ్లు చెప్పరండీ."

"సిగ్గు కాదు దొరా అది" అన్నాడు మొగుడు. "నా మాట ఇనండి."

ఆఫీసరు వినలేదు. కలం తీశాడు.

"గనిలో తలకు రాయి తగిలిన కూలీ పుల్లమ్మకు, మొగుడి పేరు పలకకూడదన్న మతి చక్కగా ఉన్నది" అని రాసి, ఆమె కేసు కొట్టేశాడు.