అల్లుడి కోడి

మా ఆయన రిటైరయ్యాక యాంగ్‌ప్యాంగ్ అనే పల్లెటూళ్లో సరదాగా వేసుకున్న తోటకి, ఆదివారం అల్లుడు పిల్లలిద్దరినీ తీసుకొచ్చాడు. అమ్మాయికి ఆఫీసులో పనట.

అల్లుడొస్తే గుడ్లు పెట్టే కోడిని అత్త తన చేత్తో కోసి వండాలి. అది మావాళ్ల ఆనవాయితీ. చర్చి నుంచి రాగానే కోడిని పట్టుకున్నాను.

"వద్దమ్మమ్మా, దానికి పేరు పెట్టాం," అని మనవరాలు హారిన్ నా చెయ్యి లాగింది.

"పేరుంటే కోడి ఉడకదటే?" అన్నాను.

అల్లుడు దగ్గరికొచ్చి, పిల్లలకి వినపడకుండా అన్నాడు. "కొయ్యకండి అత్తయ్యా. మేం విడాకులు తీసుకుని నెలైంది. మీకు చెప్పడానికి తనకి నోరు రాలేదు. ఈ మర్యాద నాకిక చెల్లదు."

నా చేతులు వదులయ్యాయి. కోడి దొడ్లోకి పరిగెత్తింది.

"నాన్న కాపాడేశాడు," అని పిల్లలిద్దరూ అతని కాళ్లని చుట్టేసుకున్నారు.