రెండో సాక్షి

"ఒక్కరు చాలరు" అన్నాడు బెల్ట్రాన్.

అతను మనీలా నుంచి వచ్చిన భూముల కమిషన్ అధికారి. ముందు టేప్ రికార్డరు, ఎదురుగా ఊరంతా అపో, అంటే అవ్వ, అని పిలిచే ఇంతనాయ్. ముసలమ్మకు ఎనభై దాటాయి. పొద్దున్నే మొదలుపెట్టి మధ్యాహ్నం దాకా కోతల పాట పాడింది. కొండను తొలిచి మొదటి వరిమడి కట్టినవాడి దగ్గర్నుంచి పద్నాలుగు తరాలు. ఎవరు ఏ మడి కట్టారు, ఎవరి కూతురు ఏ మడి తీసుకుని ఏ ఇంటికి వెళ్ళింది, ఒక్క పేరు వదల్లేదు.

"ఇంకొకరు విడిగా ఇదే పాట పాడాలి. పేర్లన్నీ కలవాలి. ఒకరు చెబితే కథ, ఇద్దరు చెబితేనే చరిత్ర. మా రూలు అది. సోమవారం దాకా ఇక్కడే ఉంటాను."

ఆ రోజు శుక్రవారం. సోమవారానికి రెండో మనిషి దొరక్కపోతే మడులు ఊరివని రుజువు కాదు, అన్నీ కొత్త ఆనకట్ట నీళ్ళల్లోకి పోతాయి.

ఊరి పెద్ద తుగినాయ్ గడప గడపా తిరిగాడు. కోతల పాట ఆడవాళ్ళది. ఒకామె పాడుతుంటే మిగతావాళ్ళు వంత పాడుతూ, ఏళ్ళ తరబడి వింటూ ఉంటే ఏ ఒక్కరికో మొత్తం పట్టుబడుతుంది. ఇంతనాయ్ కాక అలా పట్టుబడింది ఆమె మరదలికే. ఆవిడ కిందటి వానల్లో పోయింది. మిగిలినవాళ్ళకు చర్చి కీర్తనలు మాత్రం కళ్ళు మూసుకుని పాడటం వచ్చు.

"అంతా ఆ ఫాదర్ చలవే" అన్నాడు తుగినాయ్ పళ్ళు నూరుతూ.

నిజమే. నలభై ఏళ్ళ కిందట బెల్జియం నుంచి ఈ కొండెక్కిన ఫాదర్ లంబెర్ట్, రెండో ఏడే పీఠం ముందు నిలబడి, కోతల పాట దయ్యాల పాట అన్నారు. పాడినవాళ్ళకు పూజలో ఇచ్చే దివ్యసత్ప్రసాదం లేదన్నారు. ఏ పాపమైనా పూసగుచ్చినట్టు ఒప్పుకోవాలనీ, ఒక్క ముక్క దాచినా క్షమాపణ లేదనీ అన్నారు. ఊరు భయపడింది. పాట ఆగిపోయింది.

అందరికంటే ముందు తల వంచింది ఇంతనాయే. అప్పటికి ఊళ్ళో ఆమెను మించిన గొంతు లేదు. ఆనాటి నుంచి ఏ శనివారమూ తప్పకుండా చర్చికి వెళ్ళి, ఫాదర్ చెవిన పాపాలు చెప్పుకునే పాపసంకీర్తనపు పెట్టె దగ్గర మోకరిల్లుతుంది. అక్కడ విన్నది, చెప్పినవాళ్ళు సరేనంటే తప్ప, ఫాదర్ నోరు దాటకూడదు. ఈ కొండ మీద నా కష్టానికి పండిన పంట ఈమె ఒక్కతే అని ఫాదర్ బిషప్పుగారికి ఉత్తరాలు రాసేవారు. ఊరు మాత్రం ఆమెకు ఫాదర్ తోక అని పేరు పెట్టింది.

"వారం వారం గంటల తరబడి చెప్పుకోడానికి అన్ని పాపాలు ఎక్కడ దొరుకుతాయి అపో నీకు? మాకూ రెండు పంచరాదూ!" అని పక్కింటి వెరోనికా ఏడిపించేది.

శనివారం పొద్దున తుగినాయ్ నలుగురిని వెంటేసుకుని ఫాదర్ దగ్గరికి వెళ్ళాడు. ఆయన పెరట్లో చిక్కుడు తీగకు కర్ర పాతుకుంటున్నారు.

"మీరు వద్దన్నారు, మావాళ్ళు మానేశారు. ఇప్పుడు మడులు పోతున్నాయి. ఏం చెబుతారు?"

ఫాదర్ కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు.

"నేను చెప్పగలిగింది ఏమీ లేదు తుగినాయ్."

తుగినాయ్ ఆయన గుమ్మంలోనే వక్క ఉమ్మేసి వచ్చేశాడు.

సాయంత్రం ఇంతనాయ్ ఎప్పటిలాగే చర్చికి బయల్దేరింది. ఊరు మునిగిపోతుంటే ఈవిడకి పాపాల గోల అని అందరూ చీదరించుకున్నారు. అటుగా వెళ్ళిన వెరోనికా పరిగెత్తుకొచ్చింది.

"ముసల్ది ఫాదర్‌నే కేకలేస్తోంది! 'నాది కదా, నేనే ఒప్పుకుంటున్నా కదా, మధ్యలో మీకేంటి బాధ?' అంటోంది. ఏం పాపమో గానీ బేరం తెగట్లేదు!"

రెండు రోజుల్లో ఊరు నవ్వింది అప్పుడే.

చీకటి పడే ముందు ఇంతనాయ్ తుగినాయ్ ఇంటి ముందు ఆగింది.

"సోమవారం రెండో సాక్షి వస్తారు. బడి తలుపులు మూయించు. ఎవరూ తొంగిచూడకూడదు."

"ఎవరు అపో?"

"నా దగ్గర నేర్చుకున్న మనిషే."

"నువ్వు పాట నేర్పావా? ఎప్పుడు? మేమెవరమూ చూళ్ళేదే!"

"మీరు చూసుంటే ఆ రోజే ఫాదర్ చెవిన వేసేవాళ్ళు" అని ముసలమ్మ తన దారిన పోయింది. తుగినాయ్‌కి నమ్మకం కలగలేదు. కానీ నమ్మడం తప్ప గతి లేదు.

సోమవారం జోరువాన. ఊరంతా బడి చూరు కింద నిలబడింది. నడుం వంగిన మనిషెవరో తల మీంచి గోనెపట్టా కప్పుకుని వెనక తలుపు గుండా లోపలికి వెళ్ళారు. పక్క కొండ ముసలమ్మ అయ్యుంటుందని వెరోనికా తేల్చేసింది.

పాట మొదలైంది. కోతల పాట ఎవరైనా కొండ మార్మోగేలా పాడతారు. ఇదేమిటో గుసగుసలా వస్తోంది. అందరూ రేకు గోడకు చెవులు ఆనించారు. ఇంతనాయ్ ఊపిరి తీసుకునే చోటే ఆ గొంతూ ఊపిరి తీసుకుంటోంది. తుగినాయ్ వేళ్ళ మీద తరాలు లెక్కపెడుతున్నాడు. తొమ్మిదో తరం దగ్గర గొంతు ఆగింది. అతను ఆ వేలు అలాగే మడిచి పట్టుకున్నాడు. ఇంతనాయ్ మాత్రం తల ఎత్తలేదు, చిలగడదుంప తొక్క తీసుకుంటూ కూర్చుంది. గొంతు మళ్ళీ అందుకుంది.

చూరు కింద ఇద్దరు ముసలమ్మలు తమకు తెలీకుండానే వంత అందుకున్నారు. తర్వాత నలుగురు. తుగినాయ్ సిగ్గు లేకుండా ఏడ్చాడు.

పదమూడు. పద్నాలుగు. లోపల బెల్ట్రాన్ కాగితం మీద ప్రతి పేరు పక్కనా టిక్కు పెట్టి, పెన్ను కింద పెట్టాడు.

చివరి పేరు పలికిన ఫాదర్ లంబెర్ట్, నలభై ఏళ్ళ శనివారాల అలవాటు కొద్దీ కుడిచెయ్యెత్తి, టేప్ రికార్డరు మీద సిలువ గుర్తు వేసి, "నీ పాపాలు క్షమించబడ్డాయమ్మా, శాంతితో వెళ్ళు" అన్నారు.