మావయ్య ఎర్ర చుక్క

పాతకాలపు వీడియో గేముల కోసం గళ్లు నింపి అక్షరాలు గీయడం మావయ్య దగ్గరే నేర్చుకున్నాను. తప్పు కనిపిస్తే ఆ అక్షరం పక్కన ఎర్ర చుక్క పెట్టి, "కళ్లెక్కడ పెట్టుకుని గీశావే?" అనేవాడు. దిద్దాకే చుక్క చెరిపేవాడు. ఏడేళ్లలో ఏ ఫాంటులోనూ గీసినవాళ్ల పేరుండే చోట నా పేరు రాయనివ్వలేదు.

ఆయన పోయిన మూడో నెలలో, నా సొంత ఫాంటు తెల్లారేసరికి అప్పజెప్పాలని రాత్రి ఆఫీసులో ఒక్కదాన్నే కూర్చున్నాను. తెర మీద 'ఘ' పక్కన ఎర్ర చుక్క వెలిగింది. నేను పెట్టలేదు. చెరిపితే మళ్లీ వచ్చింది. పరకాయించి చూస్తే తలకట్టు ఒక్క గడి పక్కకి జరిగి ఉంది. సరిచేయగానే చుక్క దానంతటదే పోయింది.

ఇంకెక్కడా రాలేదు. మిగతా అక్షరాలన్నీ ముత్యాల్లా ఉన్నాయి.

అప్పుడు వెనక మావయ్య కుర్చీ కిర్రుమంది. అయినా తిరిగి చూడకుండా, గీసినవాళ్ల పేరుండే చోట, నేను గీసిన అక్షరాలతోనే నా పేరు కొట్టాను.

"ఇప్పుడు పట్టు మావయ్యా, తప్పు!"

కుర్చీ చక్రాలు మెల్లగా దొర్లుతూ వచ్చి నా భుజం పక్కన ఆగాయి.

చాలాసేపు చూశాం. చుక్క రాలేదు.